తెర లాగే జక్రయ్య

నాకు అనుమానం ఎక్కువని మా ఆవిడ సీతారత్నం అంటుంది. కాదని నేనెప్పుడూ అనలేదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి, పక్కవాడి పేపర్లో చూసి రాసే పిల్లల్ని పట్టుకున్నవాడికి అనుమానం రాకుండా ఎట్లా ఉంటుంది? ఆ కళ్ళతోనే గుంటూరులో మా శారదా కళాసదనానికి పదకొండేళ్ళు కార్యదర్శిగా ఉన్నాను. ఆ కళ్ళతోనే జక్రయ్యనీ చూశాను. సిగ్గు పడుతూనే చెబుతున్నాను.

జక్రయ్య మా హాలు కాపలాదారు. తెర లాగేదీ అతనే. మైకులు లేని రోజుల్లో పద్యనాటకాల కోసం కట్టిన హాలు అది. టేకు స్తంభాలు, పైన పెంకులు, వేదిక ముందు ముదురెరుపు ముఖమల్ తెర. ఆ తెర లాగడానికి మామూలుగా ఇద్దరు కావాలి, జక్రయ్య ఒక్కడే లాగేవాడు. ఆదివారం పొద్దున వాళ్ళ పేటలో చర్చి గంట కొట్టేదీ అతనే. "రెండూ తాళ్ళేగా పంతులుగారూ, చెయ్యి అలవాటు పడిపోయింది" అనేవాడు. పద్యాలన్నీ అతనికి కంఠతా వచ్చు, ఒక్కటీ పైకి పాడి ఎరగడు. నటుడు రాగం ఎంతసేపు తీసినా సరే, ఆఖరి అక్షరం అయ్యాకే తెర కదిలేది. ఇరవై రెండేళ్ళలో ఒక్క పద్యాన్ని కూడా తెరతో తెగ్గొట్టలేదు.

ఎనభై మూడు జూలైలో పట్టుకుంది మాకు దగ్గు. వేసవి సెలవుల తర్వాత మొదటి నాటకం. తెర తీశారో లేదో, వేదిక మీదున్న ముగ్గురూ ఖళ్ళుఖళ్ళుమన్నారు. రెండో ఆదివారం అదే వరస. ముక్కు పెట్టి చూస్తే మిరపకాయ ఘాటు! గుంటూరులో మిర్చి ఘాటు వింతేమీ కాదు గానీ, హాల్లోకి ఎందుకొస్తుంది? మాకు గిట్టని నాటకసమాజం వాళ్ళు ఎవరినో పంపి కారం చల్లించారనుకున్నాను మొదట. బయట బజ్జీల బండివాడి మీద కూడా నిఘా పెట్టాను. పాపం, వాడు మైసూరుబజ్జీలు తప్ప ఏమీ వెయ్యడు.

ఆ వారంలో ఒకరోజు పొద్దున్నే హాలుకి వెళ్ళాను. జక్రయ్య వెనక గుమ్మంలోంచి వస్తున్నాడు, ముక్కుకి తువ్వాలు కట్టుకుని. కళ్ళు చింతనిప్పులు.

"ఏమయ్యా, ఏమైంది?"

"దుమ్మండి."

తువ్వాలు దులిపాడు. నాలుగు మిరపగింజలు రాలాయి. అతను నా మొహంలోకి చూసి, ఏదో చెప్పబోయి, మానేశాడు. అంతే, నా లెక్క తేలిపోయింది. హాలు ఖాళీగా ఉన్న రోజుల్లో వీడు వ్యాపారస్తుల బస్తాలు దాస్తున్నాడు! టార్చిలైటు పట్టుకుని వేదిక కిందకి దూరి మోకాళ్ళ మీద పాకాను. ఒక్క బస్తా లేదు. లేకపోయేసరికి నా అనుమానం రెట్టింపైంది. నేనొస్తానని కనిపెట్టి ముందే సర్దేశాడనుకున్నాను. ఇదీ నా తెలివి!

మూడో ఆదివారం అలీ సాహెబ్ నాటకం. రాజు వేషంలో ఆయన పద్యం ఎత్తుకుంటే హాలు కిక్కిరిసిపోతుంది. తెర తీశారు, ఆయన ముందుకొచ్చి గుండెనిండా గాలి పీల్చుకున్నాడు, మొదటి పాదంలోనే గొంతు పట్టుకుని కూలబడ్డాడు. జనం ఈలలు. నేను ఒళ్ళు తెలియని కోపంతో వేదికెక్కి, తాడు దగ్గరున్న జక్రయ్యని రెక్క పట్టుకుని ముందుకి ఈడ్చుకొచ్చాను.

"ఇదుగో, హాల్లో మిరపబస్తాలు దాచిన దొంగ వీడే!"

జక్రయ్య మొలతాడుకున్న తాళాలగుత్తి విప్పి నా చేతిలో పెట్టాడు. "మీ ఇష్టమండి" అని, జనం మధ్యలోంచే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు అతని బదులు ఇంకొకణ్ణి పెట్టాను. ఆ కొత్తవాడికి తెర లాగడం చూపిద్దామని నేనే తాడు పట్టుకున్నాను. ఒక్క గుంజు గుంజానో లేదో, నెత్తిన కారం కుమ్మరించినట్టయింది. కళ్ళు మండి, నీళ్ళు కారుతుంటే, అప్పుడు గుర్తొచ్చింది నాకు ఏప్రిల్ నెల.

కల్లాల్లో మిరపకాయలు ఎండుతుంటే అకాలంగా మబ్బు పట్టిన రోజులవి. వాటి మీద కప్పడానికి ఊళ్ళో ఒక్క టార్పాలిన్ పట్టా దొరకలేదు. మా బావమరిది గురునాథం ట్రాక్టరేసుకుని వచ్చి లబోదిబోమన్నాడు. "హాలు మూసే ఉందిగా, ఆ తెర పట్టుకుపో" అన్నాను. "వద్దండి పంతులుగారూ, ఘాటు పట్టుద్ది" అన్నాడు జక్రయ్య. "నాకు చెప్పొచ్చేవాడివా" అన్నాను. వారం తర్వాత తెర తిరిగొచ్చింది. ఎర్రటి ముఖమల్లో ఎర్రటి పొడి ఎవరికి కనపడుతుంది? నేను మరిచేపోయాను. అతను మాత్రం రోజూ పొద్దున్నే ఆ బరువంతా దించి, పెరట్లో కర్రతో కొట్టి, మళ్ళీ కడుతున్నాడన్నమాట. ఆ తువ్వాలు, ఆ గింజలు అందుకే.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. అతని భార్య ఎలీసమ్మ గుమ్మంలోనే అందుకుంది. "మిరపకాయల తొడిమలు తీసే కాడ ఆడోళ్ళు నన్ను దొంగోడి పెళ్ళామంటన్నారు పంతులుగారూ. నిజం తేలేదాకా గంట కొట్టొద్దని చర్చి పెద్దలు ఈయనతో చెప్పారు. ఇంక మాకేం మిగిల్చారు మీరు?"

ఆవిడ వెనక నిలబడ్డ అతనివైపు తిరిగాను. "ముందే ఎందుకు చెప్పలేదు జక్రయ్యా?"

"మీ బావమరిదికి మీరే ఇచ్చారని పదిమందిలో నేనెట్టా చెప్పేదండి? మీరే చెబుతారని చూశా."

"కమిటీకి చెప్తాను. తాళాలు తీసుకో."

"హాలునిండా జనంలో అన్నారు. కమిటీ గదిలో దొంగ కాదంటే ఎవరికి వినపడుద్దండి?" అన్నాడు. తాళాలు ముట్టుకోలేదు.

ఆదివారం వచ్చింది. ముఖమల్ తెర విప్పించి, దాని బదులు నీలంగుడ్డ కట్టించాను. నాటకానికి ముందు కార్యదర్శి తెర ముందుకొచ్చి రెండు ముక్కలు మాట్లాడటం మా ఆనవాయితీ. నేను కబురు పెడితే జక్రయ్య, ఎలీసమ్మ వచ్చి నేల టిక్కెట్టులో కూర్చుని ఉన్నారు. "ఒక చిన్న పొరపాటు జరిగింది" అని మొదలెట్టాను. చిన్నదా! నా మీద నాకే అసహ్యం వేసింది. "జక్రయ్య దొంగ కాదు. తెరని మా బావమరిది మిరపకల్లానికి ఇచ్చింది నేను. వద్దంటే వినకుండా ఇచ్చాను. నిందేమో అతని మీద వేశాను" అన్నాను.

అంతలో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు ఖంగుమంది.

"వన్స్ మోర్!"

పద్యం బాగుంటే అరిచే అరుపది. ఎలీసమ్మేనని నా అనుమానం. హాలంతా అందుకుంది. నటుడైతే పొంగిపోయి మళ్ళీ పాడతాడు. నేను పొంగిపోవడానికి ఏముంది? అయినా మొదటినుంచీ మళ్ళీ చెప్పాను, ఒక్క ముక్క మింగకుండా. మూడోసారి కూడా అరిచారు. చెప్పడానికే నోరు తెరిచాను. నిలువునా ఏడుపొచ్చింది.

జక్రయ్య లేచి వేదికెక్కి, నా పక్కకొచ్చి తాళాల కోసం చెయ్యి చాపాడు.

"చాలండి పంతులుగారూ. పక్కకి రండి, తెర తియ్యాల."