ఆగ్నేయ మూల పదిహేనో గడి

మా కంపెనీ మూతపడాలని నేను దేవుడికి మొక్కుకున్నాను. పదకొండు కొబ్బరికాయలు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ ఆదివారం కింద "గుడికి వెళ్ళాను, ఎండ ఎక్కువగా ఉంది" అని మాత్రమే ఉంది. కంపెనీ ఎందుకు మూతపడిందో తర్వాత చాలామంది చాలా రకాలుగా చెప్పారు. అమెరికా షేర్ మార్కెట్ అన్నారు, పెట్టుబడిదారులకు తొందరెక్కువ అన్నారు. నేను ఎవరితోనూ వాదించలేదు. వాదించడం నాకు మొదటినుంచీ అలవాటు లేదు.

అది తెలుగువాడై పుట్టినందుకు కంప్యూటర్ తప్పక వచ్చి ఉంటుందని ప్రపంచం నమ్మిన కాలం. నేను ఏలూరులో ఎమ్మే ఇంగ్లీషు చదివి, ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, ఆ నమ్మకం మీదే సింగపూర్ వచ్చాను. మా ఆఫీసు ఆంగ్ మో కియోలో ఫ్యాక్టరీల మధ్య ఒక భవనంలో ఉండేది. కింది అంతస్తులో ప్లాస్టిక్ బకెట్లు తయారుచేసేవాళ్ళు. పై అంతస్తులో మేము భవిష్యత్తును తయారుచేసేవాళ్ళం. లాభాలు మాత్రం బకెట్లవాళ్ళకే వచ్చేవి.

మా భవిష్యత్తు ఏమిటంటే, ఇంగ్లండులోని చిన్న చిన్న పట్టణాలకు వెబ్‌సైట్లు కట్టివ్వడం. మాలో ఎవ్వరమూ ఇంగ్లండు చూడలేదు. నా వంతుకు వచ్చింది ఒక చిన్న ఊరు. ఒక నది, ఒక సంత, ఊరిని మించిన ఒక పెద్ద చర్చి. ఆ చర్చి ఉన్నందుకే ఆ ఊరిని నగరమని పిలవాలట. జనాభాలో మా పక్కన ఉన్న ఫ్లాట్ల వరసలు నాలుగు కలిపితే దానికి సరిపోతాయనిపించేది. నా పని "ఈ నగరంతో సంబంధం ఉన్న ప్రముఖులు" అనే పేజీ రాయడం.

ఆ ఊరి చరిత్ర సంఘంవాళ్ళు పద్నాలుగు మంది పేర్లు పంపారు. అందులో ఒక బిషప్పును నిలువునా తగలబెట్టారు. తగలబెట్టమని చెప్పిన బిషప్పు పేజీలో పక్కగడిలోనే ఉన్నాడు. ఇద్దరూ ఊరికి సమానంగా గర్వకారణం. ఒక సేనాధిపతి అక్కడ పుట్టాడు, ఎందుకంటే వాళ్ళమ్మ గుర్రబ్బండిలో ఇంకో ఊరికి పోతుంటే దారిలో నొప్పులొచ్చాయి. ఒక రచయిత అక్కడి బళ్ళో మూడేళ్ళు చదివి, ఆ మూడేళ్ళూ నరకమని బతికినంతకాలం రాశాడు. ఒకాయన ఏదో రకం కుళాయి కనిపెట్టాడు. ఒక రాజు ఒక రాత్రి పడుకుని వెళ్ళాడు. ఒక పుణ్యాత్మురాలు గోడల మధ్య తనను తాను మూయించుకుని కలలు కన్నది.

పేజీ తయారుచేసే ప్రోగ్రామర్ కరీంనగర్ అతను. నా పక్క సీటు. జాబితా చదివి పగలబడి నవ్వాడు. "పెండ్లికొచ్చి మూడు పూటలు తిని పోయినోన్ని మా ఊరోడే అని మేం గూడ చెప్పుకోం మేడం! వీళ్ళు రాత్రి పండుకున్నోన్ని గూడ ఇడిచిపెడ్తలేరు."

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆఫీసులో నేను రెండే మాటలు వాడేదాన్ని: యెస్, ఓకే.

గొడవ పద్నాలుగు దగ్గర వచ్చింది. మా మూస అన్ని పట్టణాలకూ ఒకటే. అడ్డంగా మూడు గడులు, నిలువుగా అయిదు. పద్నాలుగు మందిని పెడితే కింద కుడిచేతి మూల ఖాళీ. మా మేనేజర్‌గారిది విజయవాడ. ఆయన స్క్రీన్ ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. స్క్రీన్‌కి పైవైపు ఉత్తరమని ఆయన లెక్క. అంతకుముందే వాస్తు కోసం ఆఫీసులో ఒక తలుపు మూయించి, సర్వర్‌ని నైరుతికి జరిపించి ఉన్నారు.

"ఆగ్నేయం తెగింది," అన్నారు. "మూల తెగిన స్థలం ఎవడైనా కొంటాడా? ఈ పేజీ ఇట్లా వదిల్తే కంపెనీకే అరిష్టం."

"సార్, గా ఊరోళ్ళు పద్నాల్గు మందినే ఇచ్చిన్రు," అన్నాడు ప్రోగ్రామర్.

"ఎనిమిది వందలేళ్ళ ఊళ్ళో ఇంకొక్క మనిషి దొరకడా? అమ్మాయీ, సాయంత్రంలోగా పదిహేనో మనిషిని పెట్టు. ఆగ్నేయం ఆడవాళ్ళ స్థానం. ఆడమనిషైతే ఇంకా శ్రేష్ఠం."

"ఓకే సార్," అన్నాను.

నేను పాసిర్ రిస్‌లో ఒక ఆంటీ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. అరవై దాటిన మనిషి, ఒంటరి. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల కాలంలో వచ్చాడు. ఆవిడ తెలుగులో సగం అరవం, కొంచెం మలాయ్, మాట చివర సింగపూర్ వాళ్ళ ఊతపదం "లా" ఉండేవి. నేను ఎక్కువ మాట్లాడను కాబట్టి ఆవిడకు నేనంటే ఇష్టం. ఆవిడ మాట్లాడేది, నేను వినేదాన్ని, గదిలోకి వెళ్ళి రాసుకునేదాన్ని.

ఆవిడ ఎక్కువగా చెప్పింది వాళ్ళ అమ్మమ్మ గురించి. అమ్మమ్మ ఒక తెల్ల పాదిరీగారింట్లో పిల్లల్ని ఎత్తుకునే ఆయా. ఆ కుటుంబం ఇంగ్లండు వెళ్ళిపోతూ, పిల్లలు ఆవిడను వదలడం లేదని ఓడలో తమతో తీసుకుపోయింది. రెండేళ్ళలో తిరిగి పంపిస్తామన్నారు. మూడేళ్ళ కూతుర్ని ఇక్కడ వదిలి వెళ్ళిన ఆ మనిషి మళ్ళీ రాలేదు. నాలుగో ఏట తాత ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. భార్య తప్పిపోయిందంటే పెళ్ళికి ఎవరూ ఒప్పుకోరు, పారిపోయిందంటే జాలిపడి పిల్లనిస్తారు. అందుకని ఆవిడ పారిపోయింది. ఎనభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆవిడ పేరు అదే: పారిపోయినది.

"పెద్ద కోయిల్ ఉన్న చిన్న ఊరని మాత్రం మా అమ్మ చెప్పింది," అనేది ఆంటీ. "మన దేవుడి గుడి కాదు, వాళ్ళ చర్చి."

ఆంటీ బాధ ఒక్కటే. ఏటా మహాలయ అమావాస్యకు వాళ్ళ అన్నయ్య పెద్దలందరికీ తర్పణం వదిలేవాడు. అమ్మవైపు వరస వచ్చి, పురోహితుడు అమ్మమ్మ పేరు అడిగినప్పుడల్లా ఆయన నోరు మూసుకునేవాడు. పురోహితుడు ముందుకు పోయేవాడు. "ఒక్క చెయ్యి నీళ్ళు పాపా," అనేది ఆంటీ. "నేను కళ్ళు మూసేలోపల మా అన్న నోట ఆ పేరు వినాలి."

ఆ సాయంత్రం పదిహేనో గడిలో నేను ఆంటీ వాళ్ళ అమ్మమ్మను పెట్టాను. పెద్ద చర్చి, చిన్న ఊరు, రెండూ సరిపోయాయి. అలాంటివి ఇంగ్లండులో ఇంకా ఎన్ని ఉన్నాయో నేను వెతకలేదు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు: తెలుగు తీరం నుంచి వచ్చిన ఆయా, ఒక పాదిరీ పిల్లల్ని తల్లిలా పెంచింది, ఈ నగరంలోనే కన్నుమూసింది. ఆంటీ ఒకసారి నాకు చెప్పిన పేరు కూడా రాశాను. ఇక్కడ రాయను. మేనేజర్‌గారు చదివే అలవాటున్న మనిషి కాదు, గడులు లెక్కపెట్టారు. "పదిహేను. ఇప్పుడు చూడండి, ఎంత నిండుగా ఉందో," అన్నారు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. నేను ఆ పేజీని రంగుల్లో ప్రింటు తీసి, ఇంట్లో బల్ల మీద అరటిపళ్ళ కింద పెట్టి, గదిలోకి పోయి తలుపేసుకున్నాను. మాట్లాడలేనివాళ్ళు చేసే పనులు ఇలాగే ఉంటాయి. పొద్దున లేచేసరికి ఆంటీ ఫోన్లో వాళ్ళ అన్నయ్యతో గట్టిగా మాట్లాడుతోంది. "పారిపోయిందంటావా? రాజు పక్కన ఏసినారు, రాజు పక్కన! నీ ఫోటో ఎవడేసినాడు?"

ఎక్కడినుంచి తెచ్చావని నన్ను ఆవిడ అడగలేదు. మూడు రోజులు నేను నోరు తెరిచి మూశాను.

ఆంటీ అన్నయ్యను నేను అంకుల్ అనేదాన్ని. రేవులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషులో అచ్చయినదానికి, అందులోనూ ఇంగ్లండులో తయారైనదానికి ఆయన లేచి నిలబడతాడు. అది ఆంగ్ మో కియోలో బకెట్ల ఫ్యాక్టరీ మీద తయారైందని ఆయనకు తెలియదు. ఆ ఆదివారం వచ్చి ప్రింటును కళ్ళజోడుతో రెండుసార్లు చదివాడు. పైన ఉన్న నగర చిహ్నాన్ని వేలితో తడిమాడు.

"కాగితం ఎవడైనా కొట్టిస్తాడు," అన్నాడు. "నా ఇంట్లో కొత్త కంప్యూటర్ ఉంది. అమావాస్యనాడు అయ్యవారి ముందర దాంట్లో చూపించు. కనిపిస్తే పేరు చెప్తాను. కనిపించకపోతే మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు. సరేనా?"

"సరే," అంది ఆంటీ. నా తరఫున కూడా.

మర్నాడు ఆఫీసులో మెయిల్ ఉంది. ఆ ఊరి సంఘం కార్యదర్శిది. పదిహేనో స్త్రీ చాలా ముచ్చటగా ఉన్నారట. అయితే తమ సభ్యుల్లో ఎవరికీ ఆమె తెలియదట. దయచేసి ఆధారం చూపండి, లేదా వచ్చే మార్పుల్లో తీసేయండి. వచ్చే మార్పులు శుక్రవారం. అమావాస్య దాని తర్వాతి బుధవారం.

గోడల మధ్య కలలు కన్న పుణ్యాత్మురాలికి ఏం ఆధారముందో వాళ్ళు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ప్రోగ్రామర్‌ని మాత్రం అడిగాను, ఆ ఒక్క గడినీ ఒక వారం మర్చిపోగలవా అని. రెండేళ్ళలో అతనితో నేనన్న అతి పొడవైన వాక్యం అదే. అతను స్క్రీన్ వైపు, నా వైపు చూశాడు.

"మర్శిపోదును మేడం. కాని మెయిల్ కాపీ సారుకు గూడ పోయింది. సారు ఆల్రెడీ ఇంకో ఆడామెను దేవులాడుమన్నడు, మూల ఖాలీ ఉండొద్దని."

అందుకే ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి సెరంగూన్ రోడ్డు గుడికి వెళ్దామనుకున్నాను కానీ, సెలవడగడానికి ధైర్యం చాలలేదు. ఆదివారం దాకా ఆగాను. కార్యదర్శి ఏదో ఊరికి వెళ్ళి శుక్రవారం మార్పులు తర్వాతి మంగళవారానికి జరపమన్నాడు కాబట్టి ఆ ఆదివారం నాకు మిగిలింది. గుడి బయట పని పర్మిట్ల మీద వచ్చిన మనవాళ్ళు వందలమంది, ఇళ్ళకు ఫోన్లు చేసుకుంటూ. లోపల అందరూ ఉద్యోగం నిలవాలని, పర్మిట్ పొడిగించాలని మొక్కుతున్నారు. వాళ్ళ మధ్య నిలబడి నేను మా కంపెనీ మంగళవారంలోపల మూతపడాలని మొక్కాను. పేజీలుండేది ఆఫీసులో కాదు, ఇంగ్లండులో అద్దెకు తీసుకున్న సర్వర్లో. మూతపడితే పేజీ ఉన్నది ఉన్నట్టే ఉండిపోతుంది, ముట్టుకునే మనిషి ఉండడు. నా ఉద్యోగ పాస్ కూడా పోతుందని నాకు తెలుసు. మిగతా ముప్ఫైమందివి కూడా పోతాయన్నది మాత్రం కొబ్బరికాయల సంఖ్య చెప్పేశాక గుర్తొచ్చింది. అప్పటికి నా వెనకాయన నన్ను పక్కకు తోశాడు.

సోమవారం పదకొండు గంటలకు మేనేజర్‌గారు అందర్నీ పిలిచారు. పెట్టుబడిదారులు చేతులెత్తేశారట. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్ని మూలలూ సరిచేశాను," అన్నారు. "అన్నీ సరిచేశాను." ఆయన్ని చూసి మొదటిసారి నాకు జాలేసింది. తప్పు ఆగ్నేయంలోనే ఉందని చెప్పలేకపోయాను. మధ్యాహ్నానికి కరెంటు తీసేశారు. సాయంత్రానికి కిందివాళ్ళు మా హాల్లో బకెట్లు పేర్చడం మొదలుపెట్టారు. కరీంనగర్ అతను డబ్బాలో సామాను సర్దుకుంటూ, "మీ ఆడామె బత్కిపోయింది మేడం. మేమే పోయినం," అన్నాడు.

బుధవారం పొద్దున అంకుల్ ఇంట్లో దర్భలు, నువ్వులు, రాగి చెంబు, వాటి పక్కనే కంప్యూటర్. పురోహితుడికి ఇంకా నాలుగిళ్ళు ఉన్నాయి. ఫోన్ లైన్ మీద ఇంటర్నెట్ కలవడానికి మూలుగుతోంది, కీచుమంటోంది. రెండుసార్లు తెగింది.

"మాతామహి దగ్గర ఆగినాం. తొందరగా కానివ్వండి," అన్నాడు పురోహితుడు.

"ఇంగ్లండు లా అయ్యవారూ," అంది ఆంటీ. "దూరం కదా."

పేజీ పైనుంచి కిందికి ఒక్కో గీతా దిగింది. బిషప్పులు వచ్చారు. సేనాధిపతి వచ్చాడు. కుళాయి మనిషి వచ్చాడు. అంకుల్ తడిచేతులు పైకెత్తి పట్టుకుని స్క్రీన్ ముందుకు వంగాడు. చిట్టచివర, కింద కుడిచేతి మూల, నాలుగు వాక్యాలు. ఆయన పెదాలు కదుపుతూ చదివాడు. తర్వాత వెనక్కి వచ్చి పీట మీద కూర్చుని ఆ పేరు చెప్పాడు. పురోహితుడు వినిపించలేదన్నాడు. రెండోసారి గట్టిగా చెప్పాడు. ఆంటీ వంటగదిలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది.

మొక్కు తీర్చడానికి వెళ్ళినప్పుడు, పదకొండు కాయలు చూసి గుడి కౌంటర్లో ఆయన అరవంలో అడిగాడు, ఉద్యోగం వచ్చిందామ్మా అని. తల ఊపాను.

ఇంకో ఉద్యోగం దొరకలేదు. నెలలోపు బయలుదేరాను. ఆంటీ కింద ట్యాక్సీ దాకా వచ్చింది. పెట్టె ఎక్కించాక నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎన్నాళ్ళనుంచో గొంతులో కూడగట్టుకున్న వాక్యం మొదలుపెట్టాను: "ఆంటీ, ఆ ఊరు... అసలు నేను..."

ఆవిడ నా చెయ్యి వదిలించుకుని, ట్యాక్సీ తలుపు తీసి, నన్ను లోపలికి తోసింది.

"ఆ ఊర్లో మా అమ్మమ్మ ఉన్నాదో లేదో నాకు తెలీదు, నీకూ తెలీదు పాపా. మా అన్నకి తెలుసు. చాలు లా, పో."