సంతకం వచ్చిన ఊరు

ఏప్రిల్ పదిహేను, సాయంత్రం. తుఫాను షెల్టర్, పై అంతస్తు. హాజరు: వయోజన విద్య బోధకుడిగా మాజీ హవల్దార్‌నైన నేను, సూపర్‌వైజర్, చేపలమ్మే మంగమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు, వలలు చుట్టిపెట్టి ఖాళీగా ఉన్న వాళ్ల మగవాళ్లు.

సముద్రంలో రెండు నెలల చేపల వేట నిషేధం ఆ రోజే మొదలైంది. పడవలు మళ్లీ కదిలేదాకా నా డ్యూటీ. సామగ్రి: పలకలు, సుద్దముక్కలు, ఒక చార్జింగ్ లైటు. కిటికీలకు తలుపుల్లేవు. ఉప్పుగాలికి సుద్ద మెత్తబడేది.

సూపర్‌వైజర్ ఆర్డరు ఒకటే. "సంతకం వస్తే చాలండి హవల్దార్ గారూ. వేలిముద్ర పోతే అక్షరాస్యులే."

తుపాకీతో ఫొటో దిగినవాణ్ణి మేం సిపాయి అనలేదు. ఈయన మాత్రం పేరుని బొమ్మలా గీసినవాళ్లని చదువుకున్నవాళ్లంటాడు. మంగమ్మ పలక మీద ముందు చుక్కలు పెట్టేది. ముగ్గు కలిపినట్టు కలిపి తన పేరు గీసేది, ఒక్కోసారి కుడిచివర నుంచి. సూపర్‌వైజర్ చప్పట్లు కొట్టాడు.

"నాకీ ముగ్గెందుకండీ? బస్సు బోర్డు చెప్పండి," అందామె. "రామచంద్రపురం బస్సేదని అడిగితే జంక్షన్లో కుర్రోళ్లు యానాం బస్సెక్కించేరండి. ఏంటి పిన్నీ, నువ్వూ చవక మందు సీసాలకేనా అని లోపలంతా ఒకటే నవ్వు. బుట్టెడు చేపలు పాడైపోయాయండి."

నవ్వినవాళ్లందరికీ చదవడం వచ్చు. వాళ్ల చదువు గోదాట్లో కలవ.

ఆమె పేరును ముక్కలు చేశాను. మ. సున్న. గ. "ఈ మ రామచంద్రపురంలో కూడా ఉందమ్మా."

"నా పేరు ముక్కకి అక్కడేం పనండీ?" పలక మీది మ మీద వేలు పెట్టింది. "మరి యానాంలోనో?"

"లేదు."

"మా మంచి పనైందండి."

ఆ జంక్షన్లో ఆగేవి ఆ రెండు ఊళ్ల బస్సులే. మిగతా అక్షరాలు మొదలుపెట్టేసరికి నిషేధం చివరి రోజు వచ్చేసింది. సూపర్‌వైజర్ దండలతో, ఫ్లెక్సీతో దిగాడు. అందరూ పేర్లు గీశారు. ఫొటోలు తీశారు. ఊరు సంపూర్ణ అక్షరాస్యత సాధించిందని ప్రకటించారు.

"ఆ ఫ్లెక్సీ మీద ఏం రాసుందండీ?" అనడిగాడు దండ వేయించుకున్న ఒకాయన.

సూపర్‌వైజర్ సిగ్గుపడలేదు. గట్టిగా చదివి వినిపించాడు. పలకలు పక్క ఊరికి పట్టుకెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారగానే పడవలు వేటకెళ్లాయి. నేను ట్రంకుపెట్టెతో జంక్షన్‌కి చేరాను. మంగమ్మ ఏటి రొయ్యల బుట్టతో నిలబడి ఉంది. బుట్ట మీద నిన్నటి ఫ్లెక్సీ ముక్క కప్పింది. ఆ ఫ్లెక్సీ ఊరికి చేసిన మేలు అదొక్కటే.

బస్సొచ్చింది. "ఎక్కు పిన్నీ, రామచంద్రపురమే," అన్నాడు ఫోను చూసుకుంటున్న కుర్రాడు. నేను ట్రంకుపెట్టె కింద పెట్టి ఆమె వైపే చూశాను. ఆమె బోర్డుకేసి చూసింది. గాల్లో వేలితో చుక్కలు పెట్టి, కలిపింది.

"నా మ ఏదిరా ఇందులో?"

కుర్రాడు ఫోనులోకి ఇంకాస్త వంగాడు. ఆ బస్సు యానాం వెళ్లిపోయింది. తర్వాతి బస్సు ఆమె ఎవర్నీ అడక్కుండా ఎక్కింది.

నేను మా ఊరు కోరుకొండ వచ్చేశాను. కళ్లు మూస్తే ఇప్పటికీ గాల్లో ఆ వేలే, బస్సుకి ఎదురుగా మ చుడుతూ.