బరిలో తీతు

గోదావరిఖని బొగ్గుబావిలో పన్నెండేళ్లుగా పంపు నడుపుతున్న తీతుకు, తర్వాతి షిఫ్టు రిలీవర్ వచ్చి ఎదుట నిలబడనిదే చోటు వదలడం చేతకాదు. ఫస్ట్ షిఫ్టు డ్యూటీ దిగి, స్నానం చేసి, తల తుడుచుకుంటూనే ఫోన్లో ఆట తెరుస్తాడు. అందులో ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే బరి ఉంది. ఆట తయారుచేసినవాళ్లు గుర్రాలకు కొత్త జీన్లు, మనుషులకు కొత్త రెక్కలు ఇస్తారు గానీ, రెండేళ్లుగా ఆ బరి మొహం చూసిన పాపాన పోలేదు. ఎత్తిన కత్తి ఇప్పటికీ గాల్లోనే ఇరుక్కుంటుంది. విసిగి అందరూ వెళ్లిపోయారు. తీతు మాత్రం నెలనెలా ఫిర్యాదు రాస్తూ, రోజూ గంటసేపు ఖాళీ బరిలో కత్తి పట్టుకుని నిలబడతాడు.

"ఎవ్వలు రాని కాడ ఏం జేస్తున్నవయ్యా?" అంటుంది భార్య సుగుణమణి, చల్లారిన అతని టీని మళ్లీ కాస్తూ.

"ఇడిచిపెట్టి ఎట్ల వస్త? ఎవలన్న వస్తే?"

నిన్న నిజంగానే ఒకామె వచ్చింది. పేరు శోభ అనీ, ఇక్కడికి దగ్గర్లోనే జైపూర్‌లో నర్సుననీ మైకులో చెప్పింది. కొత్త చెయ్యి. మూడు దెబ్బల్లో పడగొట్టగలిగి కూడా, ఇరుక్కున్న కత్తిని ఎలా విడిపించుకోవాలో తీతు ముందు నేర్పాడు. తర్వాత నాలుగుసార్లు ఓడించాడు. ఐదోసారి ఆమే గెలిచింది.

"ఇగ మీరు పోండ్రి అన్నా. ఎవలన్న వస్తె నేనుంట," అంది శోభ.

"గప్పుడే అయిపోయిందా?" అంది సుగుణమణి, టీ గ్లాసు పెడుతూ.

"రిలీవర్ వచ్చింది," అని తీతు ఫోను బోర్లా పెట్టి, రెండేళ్లలో మొదటిసారి టీని చల్లారకముందే తాగాడు.