తాళాలత్త

తాళాలత్తకు ఫోనంటే నమ్మకం లేదు. ఆ చిన్న కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములు బిగించే ఆవిడ, తన ఫోను తాళం తీయాలన్నా చెయ్యి అడ్డం పెట్టి గోడవైపు తిరిగేది. ఆ గోడకు నిలువుటద్దం ఉందని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అప్పట్లో కౌంటర్లో కూర్చున్న అమ్మాయి ఇప్పుడు పేరున్న చోట కళ్లు పరీక్షిస్తోంది. అయినా ఆ ఇరుకు గది గుర్తొస్తే ఆమెకు ప్రాణం లేచొస్తుంది.

మెసేజీలకు యాప్ ఎంచుకోవడమంటే అత్తకు అద్దెకొచ్చినవాడి ఆరా తీయడమే. "ఇది మన నంబర్లన్నీ చూస్తుందట! ముక్కూ మొహం తెలియనివాడికి మన చుట్టాల చిట్టా ఎందుకే?" అని మూడింటిని తరిమేసి, నాలుగోదాన్ని ఒప్పుకుంది. అందులో రాసింది కంపెనీవాడికి కూడా కనబడదట, గంటలో దానంతటదే చెరిగిపోతుందట. దుకాణంలో ఐదుగురూ అందులోకి మారాల్సిందేనంది.

"టీకి రమ్మనడానికి ఇంత రహస్యమా?" అని అద్దాలు అరగదీసే తాత నెత్తి కొట్టుకున్నాడు.

"గోడలకు చెవులుంటాయి బాబాయ్!"

కౌంటర్ అమ్మాయికి మాత్రం లోపల వేరే గుబులు. కంటి పరీక్షల కోర్సుకు దరఖాస్తు పెట్టింది. రోజూ సాయంత్రం అన్నయ్య ఆమె ఫోను చూస్తాడు. చదువు మాట పొక్కిందా, ఉద్యోగం కూడా మానిపిస్తాడు. అందుకే కాలేజీకి అత్త నంబరు ఇచ్చింది. అక్కణ్ణుంచి వచ్చే కబుర్లను అత్త ఆ యాప్‌లోనే పంపేది.

ఒకరోజు అన్నయ్య దుకాణానికే వచ్చాడు. "మా చెల్లి ఫోన్లో మీ దుకాణం మెసేజీ ఒక్కటీ ఉండదేం? ఏం దాస్తోంది?"

తాత విసురుగా తన ఫోను తీసి అతని ముందు పెట్టాడు. "నాదీ ఖాళీయే నాయనా! అందరిదీ ఖాళీయే. అంతా ఈ మహాతల్లి చాదస్తం!"

"ఏదీ, నీ ఫోను తెరువు బాబూ," అంటూ అత్త దగ్గరికి జరిగింది. "నాలుగు సున్నాలా తాళం? నీ గుట్టంతా వీధిలో ఉన్నట్టే!" అని అక్కడే పాఠం మొదలుపెట్టింది. అరగంటకు అతను "పనుందండీ" అని బతికి బయటపడ్డాడు. ఆ దుకాణంలో అందరికీ పిచ్చేనని ఇంట్లో చెప్పి, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

సీటొచ్చింది. చేరాకే ఇంట్లో చెప్పింది. అన్నయ్య మూడు రోజులు ఎగిరిపడ్డాడు, నాలుగోనాడు మెత్తబడ్డాడు.

సెలవు తీసుకునే రోజున అమ్మాయి ఉండబట్టలేక అడిగింది. "ఆ యాప్ నా కోసమేగా అత్తా? నా ఒక్కదానికే పెట్టొచ్చుగా, అందర్నీ ఎందుకు చంపావు?"

"వీధిలో ఒక్క ఇంటికే తాళం ఉంటే దొంగ అక్కడే ఆగుతాడే."

"మరి వాళ్లకేమని చెప్పావు?"

"నీ గుట్టు చెప్తానా? నాకు చాదస్తమన్నాను." అత్త మొహం కాస్త ముడుచుకుంది. "ఒక్కడంటే ఒక్కడు కూడా అనుమానపడలేదు చూడు!"