నాయన చెవులు, నా కారు టైర్లు

కారులో ఏదో గుయ్‌మంటోందని నాయన మొదటిసారి అన్నప్పుడు నేను పాట సౌండు ఇంకాస్త పెంచాను. అప్పుడు కంభం దాటి గిద్దలూరు వైపు పోతున్నాం. రోడ్డు ఖాళీ, ఎండ ఇంకా ఎక్కలేదు, నా కారు మంచి ఊపు మీదుంది. అట్లాంటప్పుడు ఎవరైనా అడ్డం మాట్లాడితే నాకు చిర్రెత్తుకొస్తుంది.

ఆ కారంటే నాకు ప్రాణం. చూడ్డానికి చిన్నదే గానీ కాలు ఆనిస్తే చాలు దూకుతుంది. ఒంగోలులో ఒకాయన మోజుపడి కొనుక్కుని, వెడల్పాటి టైర్లు వేయించుకుని, తర్వాత నడుము నొప్పని అమ్మేశాడు. ఆయన నడుముకు నేను ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. మార్కాపురంలో నాది మందుల షాపు. పొద్దున షట్టరు లేపింది మొదలు దగ్గులు, జ్వరాలు, చీటీల మీద అర్థం కాని రాతలు. ఆదివారం స్టీరింగు పట్టుకుంటేనే నాకు ఊపిరాడుతుంది. గిద్దలూరు అవతల అడవిలో ఘాట్ రోడ్డు మలుపులు ఉన్నాయంటే నాకోసమే వేశారనుకుంటాను.

నాయన వారంలో సగం మార్కాపురంలో మా ఇంట్లో ఉంటాడు, సగం కొమరోలు పక్కన చేని దగ్గర ఉంటాడు. తీసుకుపోయేదీ తీసుకొచ్చేదీ నేనే. ఎన్నిసార్లు చెప్పినా ముందు సీట్లో మాత్రం కూర్చోడు. ఆయన లెక్కలో అది క్లీనరు సీటు. పెద్దమనిషి అన్నవాడు వెనక కూర్చోవాలి, అదీ డ్రైవరు వెనకాలే. అందుకని క్లీనరు సీటు మా ఆయనకు ఖాయమైంది. ఆయన ఎక్కిన అయిదు నిమిషాలకు నిద్రపోతాడు.

"వెనక చక్రంలో బేరింగ్ పోయినట్టుండాది, చూపిచ్చమ్మా" అన్నాడు నాయన.

మా దిక్కు ఏ చప్పుడొచ్చినా బేరింగే. వాన మీద నమ్మకం లేని చేలు మావి, బోరు మోటర్ల మీదే బతుకు. మోటరు గుయ్‌మంటే బేరింగ్, మిక్సీ గుయ్‌మంటే బేరింగ్, ఫ్యాను కిర్రుమన్నా బేరింగే. మోకాలు నొప్పి మాత్రలకు వచ్చేవాళ్ళు కూడా "బేరింగులు అరిగినయి తల్లీ" అనే అడుగుతారు నన్ను. పైగా నాయనది మామూలు చెవి కాదు. భూమిలో ఎక్కడో లోతున తిరిగే మోటరు చప్పుడు, పైన పైపుకు చెవి ఆనించి పట్టేస్తాడు. బేరింగ్ పోయిందా, నీళ్ళు అడుగంటాయా, ఇసుక లాగుతోందా చెప్తాడు. ఆయన వచ్చి వినేదాకా చుట్టుపక్కల ఎవరూ మోటరు పైకి లాగించరు. లాగడమంటే మాటలా, మనుషులు కావాలి, బండి కావాలి, రోజంతా పోతుంది.

సరే, ఆయన మాట కొట్టేయడమెందుకని మెకానిక్ దగ్గరకు పోయాను. అతను కారును జాకీ మీద లేపి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పాడు. గాలికి తిరిగినట్టు మెత్తగా తిరిగాయి. నడిపి, స్టీరింగు అటూ ఇటూ ఊపి చూశాడు. "బేరింగ్ పోయుంటే మలుపులో చప్పుడు మారాలక్కా. ఏం మారలే. బేరింగులు బ్రహ్మాండంగా ఉండాయి" అన్నాడు.

అదే మాట నాయనకు చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. మళ్ళీ వారం కారెక్కి, "ఇదిగో, ఇప్పుడు వస్తాంది. నున్నటి రోడ్డు మీదకు రాంగానే మొదలు" అన్నాడు. నేను పాట ఆపి విన్నాను. ఇంజను చప్పుడు, గాలి చప్పుడు, మా ఆయన గురక. అంతకుమించి నా చెవిన ఏమీ పడలేదు.

ఇక్కడ మా ఆయన నిద్రలేచి తన తెలివంతా చూపించాడు. ఫోనులో ఏదో చదివి, వయసు మీదపడితే చెవిలో చప్పుళ్ళు అవే పుడతాయట అన్నాడు. లేని చప్పుడు ఉన్నట్టే వినపడుతుందట. మందులమ్మే దాన్ని, ఆ సంగతి నాకు తెలియంది కాదు. ఇద్దరం కలిసి నాయనను చెవి డాక్టరు దగ్గర కూర్చోబెట్టాం. డాక్టరు పరీక్ష చేసి, వయసును బట్టి కాస్త తగ్గింది, అట్లాంటి చప్పుళ్ళు రావొచ్చు, కంగారేం లేదు అన్నాడు. మాకు కంగారు తగ్గింది.

ఆ తర్వాత ఆయన కారు గురించి ఒక్క మాటా అనలేదు. అది నాకు హాయిగా ఉండాలి గదా, లేదు. ఒకరోజు చేని దగ్గర ఉన్నప్పుడు పక్క ఊరి రైతు ఫోన్ చేశాడు. "మామా, మోటరు ఒక తీరుగా మొత్తుకుంటాంది, వచ్చి ఒకసారి ఇనిపో" అన్నాడు. "నేను రాలేనప్పా. నా చెవుల్ని నమ్ముకోబాక. లాగిచ్చి చూస్కో" అన్నాడు నాయన.

ఊరంతా నమ్మిన చెవులు అవి. వాటి మీద ఆయనకే నమ్మకం పోయింది. ఇంక రేపటి నుంచి చేను మీద నమ్మకం పోతుంది, కాళ్ళ మీద పోతుంది, మంచం దిగడు. ఇట్లా ఊహించుకుని నాకు ఏడుపొచ్చింది, ఏడుపు వచ్చినందుకు కోపమొచ్చింది, ఆ కోపం అంతా మా ఆయన మీద పోయింది. పాపం, ఆయనకు అది అలవాటే.

అట్లా ఉండగా ఒక శనివారం మార్కాపురంలో టైర్ల షాపు దగ్గర గాలి పట్టించుకుంటున్నాను. షాపతను చక్రాల వైపు వంగి చూసి, "అక్కా, ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి ఎప్పుడన్నా మార్పిచ్చినావా?" అన్నాడు. కొన్నప్పటి నుంచి లేదన్నాను. అతను నన్ను ఎంత జాలిగా చూశాడంటే, నాకు ఒళ్ళు మండి అప్పటికప్పుడు మార్చేయమన్నాను.

మరుసటి రోజు నాయనను ఎక్కించుకుని బయల్దేరాం. ఊరు దాటి బండి కాస్త వేగం అందుకుందో లేదో, నా పాదాల కింద నుంచి గుయ్య్ అని మొదలైంది. పాట ఆపాను, పోలేదు. గేరు తీసేసి బండిని ఊరికే పోనిచ్చాను, అయినా పోలేదు. వేగం తగ్గిస్తే తగ్గింది. మా ఆయన ఉలిక్కిపడి లేచి, "ఏందే ఆ చప్పుడు?" అన్నాడు.

వెనక నుంచి నాయన మెల్లగా, "మీకు గూడా ఇనపడతాందా?" అన్నాడు. "ఇదేనమ్మా అది. వెనక ఉండేది, ఈ పొద్దు ముందుకొచ్చింది."

నేను కారు పక్కకు తీసి ఆపేశాను. టైర్లతో పాటు చప్పుడు కూడా ముందుకొచ్చి కూర్చుంది. ఇన్నాళ్ళూ అది నాయన నడుము కింద మొత్తుకుంటుంటే, ముందు కూర్చున్న మేమిద్దరం, ఒకరం పాటలు పెట్టుకుని ఒకరం గురక పెట్టుకుని, చెవి డాక్టరు దగ్గరకు ఆయన్ను లాక్కుపోయాం. ముందు నాకు నవ్వొచ్చింది. తర్వాత నాయన నవ్వాడు. మా ఆయన మాత్రం, "డాక్టరు గూడా చెప్పినాడు గదా మామా" అని సన్నగా నసిగాడు.

బండి అక్కడికక్కడే వెనక్కి తిప్పాను. టైర్ల షాపతను చక్రం ఊడదీసి నాయన ముందు పెట్టాడు. "పెదనాయనా, ఇట్ల రాసి చూడు" అన్నాడు. నాయన టైరు మీద అరచెయ్యి ముందుకు రాశాడు. నున్నగా పోయింది. వెనక్కి రాశాడు. రంపం పళ్ళు తగిలినట్టు చెయ్యి ఆగింది. చక్రాల వంపు, అదే అలైన్‌మెంటు, సరిగా లేక, వెనకవి ఎప్పటికీ వెనకే ఉండిపోయి, రబ్బరు గళ్ళు ఒక పక్కకు అరిగాయట. నున్నటి రోడ్డు మీద ఆ పళ్ళే గుయ్‌మంటాయట. గతుకుల రోడ్డు మీద రోడ్డు చప్పుడే దాన్ని మింగేస్తుందట.

"అంటే బేరింగ్ కాదన్నమాట" అన్నాడు నాయన కొంచెం నిరాశగా.

"కాదు పెదనాయనా. కానీ నువ్వు ఇన్నది నిజం."

ఆ మాటకు నాయన మెడ నిటారుగా లేచింది. అప్పటి నుంచి కొత్త టైర్ల బేరం ఆయన చేతిలోకి పోయింది. మా ఆయన గట్టి రబ్బరు టైర్లు చూపించి, ఏళ్ళ తరబడి అరగవు, మందుల షాపుకు పోయి రావడానికి ఇవి చాలు అన్నాడు. నేను నోరు తెరిచేలోపే నాయన అందుకున్నాడు. "ఉరికే బండికి గొర్రెల ఆటో టైర్లేంది అల్లుడూ? అడవి మలుపుల్లో వాన పడితే ఇవి పట్టుకుంటాయా?"

నా కళ్ళు బాణం గుర్తుల్లాంటి గాడులున్న టైరు మీద పడ్డాయి. చూస్తేనే పరుగెత్తాలనిపించేట్టుంది. షాపతను తల అడ్డంగా ఊపాడు. "పట్టు బాగుంటాదక్కా. కానీ సగం అరిగినాక ఇది గూడా పాడతాది." నేను నాయన వైపు చూశాను, ఆశ చంపుకున్నాను. చివరికి మెత్తటి రబ్బరుతో, లోపలి అంచు ఒక తీరు, బయటి అంచు ఇంకో తీరు ఉన్నది ఎంచుకున్నాం. తడి రోడ్డును పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది, నోరు మాత్రం మెదపదు. సైజు, మోయగల బరువు పాత టైరుతో సరిపోల్చుకున్నాను. ఏ వారం, ఏ సంవత్సరంలో తయారైందో టైరు పక్కన అచ్చు ఉంటుంది, అదీ చూశాను. మాత్రల అట్ట తిప్పి తేదీ చూసే చెయ్యి గదా ఇది, ఊరుకోదు. ఒక టైరు పాత సరుకని తేలితే వెనక్కి పంపించి, ఒంగోలు నుంచి కొత్తది తెప్పించాను. చక్రాల వంపు కూడా దగ్గరుండి సరిచేయించాను.

కొత్త టైర్లతో బయల్దేరిన పొద్దు పాట పెట్టలేదు. మా ఆయనను నిద్రపోవద్దని ముందే బెదిరించాను. కంభం దాటాం, నున్నటి రోడ్డు వచ్చింది. కొత్త రబ్బరు గదా అని కాలు మెల్లగానే ఆనించాను. కారు నీళ్ళ మీద పోతున్నట్టు పోతోంది. అద్దంలో చూస్తే నాయన కళ్ళు మూసుకుని, తల పక్కకు వంచి, తలుపుకు చెవి ఆనించి ఉన్నాడు. అడగాలంటే భయమేసింది. ఈయన మళ్ళీ గుయ్‌మంటోంది అన్నాడంటే, ఈసారి ఏ టైరు మీద తోసెయ్యను?

"ఏమన్నా ఇనపడతాందా నాయనా?"

ఆయన ఇంకో మైలు పోయినంతసేపు విన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, చిన్నపిల్లాడిలా నవ్వి, "ఏం ఇనపడట్లేదమ్మా" అన్నాడు. "ఏమీ ఇనపడట్లేదు."

ఆ మాట అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నాకు కళ్ళు మసకబారితే మా ఆయన రోడ్డు చూడమని మోచేత్తో పొడిచాడు. వెనక నాయన జేబులోంచి ఫోను తీసి ఎవరికో చేస్తున్నాడు.

"ఏమప్పా, మోటరు లాగిచ్చినావా? ఇంకా లేదా, మంచిపని చేసినావు. లాగబాక. నేను దావలో ఉండా, వచ్చి ఇంటా."