కిరీటం జారిన సంచిక

మా నాటక సమాజానికి సొంత పత్రిక ఒకటి ఉండేది. బేగంబజార్‌లో గిన్నెల దుకాణం మీది గదిలో రిహార్సల్ చేసేవాళ్లం, పత్రికా అక్కడే తయారయ్యేది. మూడు నెలలకొకటి, పన్నెండు పేజీలు, చేతిరాత. ఒక్కటే ప్రతి కాబట్టి ఒకరు చదివితే అందరం వినేవాళ్లం. బయటివాళ్లకు చూపేవాళ్లం కాదు, ఎందుకంటే చివరిది తప్పుల పేజీ. నాటకంలో పొరపాటు చేసినవాళ్లు తమ చేత్తోనే అందులో రాయాలి. మాట మరిచినవాళ్లు, వేళకు ముందే తెర లాగినవాళ్లు, అందరూ రాశారు. నేను రాయలేదు.

నేను వేషాల బట్టలు కుట్టేదాన్ని. చదివింది మూడో తరగతి. కానీ ఒకసారి విన్నది నాకు అట్లాగే గుర్తుండిపోతుంది.

ఒక నాటకంలో రాజు కిరీటం జారి వేదిక మీద దొర్లింది. జనం పడీపడీ నవ్వారు. కిరీటాన్ని తలకు బిగించి కట్టే లోపలి నాడా కుట్టడం మరిచింది నేను. రాజు వేషం వేసినాయన, నేను అన్నా అని పిలిచే ఆయన మాత్రం, తల గట్టిగా ఊపాను, తప్పు నాదే అని ఆ పేజీలో రాశాడు. నేను నోరు మెదపలేదు. మళ్లీ ఆయనకు రాజు వేషం ఇవ్వలేదు.

ఈమధ్య ఆ సంచికలన్నీ కలిపి పుస్తకం వేద్దామనుకున్నారు. చెదలు తిన్నచోట ఏముండేదో చెప్పమని సంతోష్‌నగర్‌లో మా ఇంటికొచ్చారు, ఇప్పుడు సమాజం పనులు చూసే అమ్మాయి, ఆమె వెంట ఆ అన్న.

కిరీటం జారిన సంచిక వంతు వచ్చింది. చివరి పేజీ సగం లేదు.

"ఈడ ఏమున్నది పెద్దమ్మా?" అని అమ్మాయి అడిగింది.

ఆయన రాసింది నాకు ప్రతి మాటా గుర్తే. అదే చెబితే అచ్చులో ఆ తప్పు ఎప్పటికీ ఆయనదే.

"అన్నా, కిరీటం నీ వల్ల పడలే. నాడా నేను కుట్టలే" అన్నాను.

"నాకెరుకే చెల్లె. స్టేజి ఎక్కకముందే నాడా లేదని చూసిన. నువ్వు బిడ్డకు పాలిస్తున్నవ్. ఎట్లన్న నడుస్తది తీయ్ అనుకున్న."

"మరి రాజు వేషం పాయె గద, నా మూలంగ."

"పోతే పోయింది. ఆ కిరీటం మోసి మోసి మెడ పట్టేసేది. తర్వాత నవ్వించే వేషాలిచ్చిన్రు, మస్తు పేరొచ్చింది. ఇన్నేండ్లు గిదే ఫికర్ పెట్టుకున్నవా, పిచ్చిదానా?"

"ఇగ ఎవరి తప్పని రాయాలె?" అంది అమ్మాయి.

"ఇద్దరిదీ. నాది నేనే రాస్త" అని కాగితం తీసుకున్నాను. నాలుగు వరుసలకే చాలాసేపు పట్టింది. అన్న చాయ్ తాగుతూ కూర్చున్నాడు, తొందరపెట్టలేదు.

వాళ్లు వెళ్లాక అన్నం పెట్టుకుని కడుపునిండా తిన్నాను.