చెరువు గట్టు మీద ఖాళీ

ఏడో తరగతిలోనే బడికి సలాం కొట్టినవాణ్ణి. మైకు దొరికితే మాత్రం హెడ్మాస్టరునే. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద వంటావార్పు పెడితే, అన్నం ఉడికేదాకా జనాన్ని నవ్వించే పని నాదే. అందుకే మా చెరువు చుట్టూ మానవహారం కట్టాలనుకున్నప్పుడు కూడా మైకు నాకే ఇచ్చారు.

ఆ చెరువు నా పంక్చర్ దుకాణం వెనకే ఉండేది. కూలగొట్టిన ఇళ్ల మట్టీ రాళ్లూ టిప్పర్లు తెచ్చి అందులో పోసేవి. ఒక గట్టున నల్గొండ నుంచి వచ్చిన మావాళ్లు, ఎదురు గట్టున గుంటూరు, కృష్ణా వైపు కుటుంబాలు. ఆ రోజుల్లో రెండు గట్లకూ మాటలు తగ్గిపోయాయి. అటువైపు ఉండే ఒక టీచరమ్మ ఇంటింటికీ తిరిగి అందర్నీ ఒప్పించారు. చేతులు చుట్టూ కలిస్తే పేపరు ఫొటోగ్రాఫర్ మేడ మీద నుంచి ఫొటో తీస్తాడు. అది పేపర్లో పడితే ఆఫీసర్లు కదులుతారు, టిప్పర్లు ఆగుతాయి. అదీ ఆశ.

"జాగ్రత్తగా మాట్లాడు బాబూ. మావాళ్లు భయపడుతూనే వచ్చారు," అన్నారావిడ.

"మీరు పరేషాన్ గాకుండ్రి మేడమ్, నేను జూస్కుంట."

మొదట దోమల మీద జోకు వేశాను. వాటికి ప్రాంతం పట్టింపు లేదు, అందర్నీ ఒక్కతీరుగా కుడతాయన్నాను. రెండు గట్లూ నవ్వాయి. అక్కడ ఆగాల్సింది. మావైపు నుంచి "ఇంకోటెయ్యి అన్నా" అని కేక వచ్చింది. వంటావార్పు దగ్గర ఆంధ్రావాళ్ల మీద ఏ మాటకు ఎక్కువ నవ్వేవారో నా నాలుకకు బాగా తెలుసు.

"చెర్వును మింగి ఇండ్లు కట్టినోళ్లే ఇయ్యాల చెర్వుకు కాపలా ఉన్నరు. జర చేతులు గట్టిగ పట్టుకోండ్రి, ఇడిస్తే మల్ల ప్లాట్లేస్తరు."

మా గట్టు పడీ పడీ నవ్వింది. ఎదురుగట్టున ఎవరూ అరవలేదు. ఒక పెద్దాయన చెయ్యి వదిలి, కళ్లద్దాలు తుడుచుకుని, మనవరాల్ని ఎత్తుకుని ఇంటిదారి పట్టాడు. పక్కనున్న ఆమె కూడా కదిలింది. పెళ్లిలో అవమానం జరిగితే భోజనం చెయ్యకుండా లేచిపోతారే, అట్లా ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. "ఊకెనే నవ్వులాటకు అన్న, పోకుండ్రి" అని మైకులో బతిమాలాను. నా క్షమాపణకు కూడా మా గట్టు నవ్వింది.

దుకాణానికి పరిగెత్తి పాత ట్యూబులు కోసి, ముడులేసి, వాళ్లు వదిలిన ఖాళీ పొడుగునా లాగాను. ఫొటోగ్రాఫర్ మేడ దిగి వచ్చి, మనుషుల్లేని మానవహారం ఫొటో ఎట్ల తీయాలని అడిగి, బండెక్కి పోయాడు.

ట్యూబు రెండో కొస టీచరమ్మ చేతిలో ఉంది. ఆ గట్టున ఆవిడ ఒక్కరే మిగిలారు. దగ్గరికి వెళ్లాను.

"నీ దుకాణం కింద ఉన్నది కూడా చెరువేగా, బాబూ."

కోపంగా అనలేదు. దుకాణం పెట్టేటప్పుడు టిప్పర్ డ్రైవర్‌కు చాయ్ తాగించి మట్టి పోయించుకున్నది నేనే. ఆ సంగతి రెండు గట్లకూ తెలుసు. నేను జోకు వేస్తున్నప్పుడు ఎదురుగట్టున ఒక్కరు కూడా దాన్ని ఎత్తి చూపలేదు.

మర్నాడే టిప్పర్లు మళ్లీ వచ్చాయి. తర్వాత రాష్ట్రమూ వచ్చింది. జనం చేతులు వదిలిన చోట ఇప్పుడు ఫంక్షన్ హాలుంది. వానాకాలం నా దుకాణంలోకి నీళ్లొస్తాయి, టీచరమ్మ ఇంట్లోకీ వస్తాయి. స్కూటీకి గాలి కొట్టించుకోవడానికి ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. అలవాటు కొద్దీ ఏదో ఒక జోకు నోటిదాకా వస్తుంది. టైరు వైపు వంగి, గాలి కొట్టి, మూత బిగిస్తాను.